బల్ల ఎత్తు తగ్గించమంటే బిళ్ళ వేసుకోమన్నారు: శ్రీకాకుళం జిల్లా యజమానులకు, అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లాలోని ఆఫీసుల పెద్దలకు, షాపుల, ఫ్యాక్టరీల యజమానులకు, కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను కాశీబుగ్గలో ఉంటాను. పద్నాలుగేళ్ళుగా కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. రోజుకు ఎనిమిది గంటలు, నెలాఖరులో అయితే పది గంటలు చేతులు కీబోర్డు మీదే ఉంటాయి. గడిచిన ఏడాదిన్నరలో మా ఆఫీసులో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. నేను అడిగింది ఏసీ కాదు, జీతం పెంపు కాదు. బల్ల ఎత్తు తగ్గించమని, అది కుదరకపోతే కీబోర్డు పెట్టుకోవడానికి బల్ల కింద ఒక చెక్క అర బిగించమని అడిగాను. మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండోదానికి "బడ్జెట్ లేదు" అన్నారు. మూడోది నేనే చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చాను. మా పెద్దాయన కసురుకోలేదు. సొరుగులోంచి నొప్పి బిళ్ళల షీటు తీసి, "ఒకటి వేసుకో అమ్మా, సర్దుకుంటుంది" అన్నారు.

ఆయన మంచి మనసుతోనే అన్నారు, నాకు తెలుసు. ఆయన కూడా నడుముకు బెల్టు కట్టుకుని వస్తారు. అందుకే మా ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క ఆఫీసు మీద ఫిర్యాదు కోసమైతే ఈ లేఖ అక్కర్లేదు. ఒళ్ళు నొప్పి అంటే బిళ్ళ వేసుకోవాలి తప్ప, ఆ నొప్పి తెచ్చిన బల్లను మార్చాలని మనకు ఎవరికీ తోచడం లేదు. ఆ అలవాటు గురించి మీ అందరితో మాట్లాడాలని రాస్తున్నాను.

ముందు కొలతలు చెబుతాను. నా మాట నమ్మక్కర్లేదు, టేపు పెట్టి మీరే చూసుకోవచ్చు.

నా ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. మన ఊళ్ళలో ఆడవాళ్ళలో చాలామంది ఐదడుగులకు అటూ ఇటూనే ఉంటారు. పాదాలు నేలకు ఆనించి నిటారుగా కూర్చుంటే నా మోచెయ్యి నేలకు 24 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మా ఆఫీసు బల్ల ఎత్తు 30 అంగుళాలు. దాని మీద కీబోర్డు ఇంకో అంగుళం. అంటే నా చేతులు ఉండాల్సిన చోటికి, పని ఉన్న చోటికి ఏడంగుళాల తేడా. కుర్చీ ఎత్తు 18 అంగుళాలు. అది నాకు ఎక్కువే. అందులో వెనక్కి జరిగి కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడతాయి. కుర్చీ అంచు తొడల కింద ఒత్తుకుని, మధ్యాహ్నానికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ముందుకు జరిగి కాళ్ళు ఆనిస్తే వీపుకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఇంత చేసినా చేతులకు బల్ల ఎత్తే. కాబట్టి రోజంతా భుజాలు చెవుల దాకా ఎగదోసి టైపు చేయాలి.

బరువేమీ ఎత్తకుండా, కూర్చుని చేసే పనికి నొప్పేమిటని అడుగుతారు. నన్ను చాలామంది అడిగారు. దీనికి ఒక బిందె చాలు. నీళ్ళ బిందె ఎత్తి దింపితే చెయ్యి నొప్పి పుట్టదు. అదే బిందెను ఎత్తి పట్టుకుని కదలకుండా పావుగంట నిలబడమంటే చెయ్యి వణికిపోతుంది. కండరం బిగుసుకుని, వదులై, మళ్ళీ బిగుసుకుంటే దానికి రక్తం అందుతూ ఉంటుంది. బిగుసుకుని అలాగే ఉండిపోతే దానిలోపలి రక్తనాళాలు కూడా నొక్కుకుపోతాయి. రక్తం సరిగా అందదు, అలసట పేరుకుంటుంది. నా భుజాలు ఎత్తుతున్నది నా చేతుల బరువునే. కానీ గంటల తరబడి, దింపకుండా. మెడ సంగతీ అంతే. మనిషి తల దాదాపు 5 కిలోలు ఉంటుంది. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు వెన్ను మీద కుదురుగా నిలుస్తుంది. ముందుకు వంచిన కొద్దీ దాన్ని పడిపోకుండా పట్టుకునే పని మెడ వెనక కండరాల మీద పడుతుంది.

సరైన అమరిక ఎలా ఉండాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు. పాదాలు నేల మీదో, చిన్న పీట మీదో పూర్తిగా ఆనాలి. నడుము వంపుకు కుర్చీ ఆనాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా, ఇంచుమించు ఎల్ ఆకారంలో ఉండగా వేళ్ళు కీబోర్డుకు అందాలి. మణికట్టు పైకీ కిందకీ విరగకూడదు. స్క్రీన్ మనకు ఎదురుగా, చెయ్యి చాపినంత దూరంలో, పై అంచు కళ్ళ ఎత్తుకు గానీ కాస్త కిందకు గానీ ఉండాలి. కిటికీ పక్కన ఉండాలి తప్ప వెనకా ఎదురుగా ఉండకూడదు. వెనక ఉంటే వెలుతురు స్క్రీన్ మీద పడి అక్షరాలు కనబడవు, ఎదురుగా ఉంటే కళ్ళు చెదురుతాయి. మా ఆఫీసులో ప్లగ్గు ఎక్కడ ఉంటే కంప్యూటర్ అక్కడ పెట్టారు. నా స్క్రీన్ బల్లకు ఎడమ మూల ఉంది, చూసి కొట్టాల్సిన కాగితాలు కుడివైపు బల్ల మీద పరిచి ఉంటాయి. రోజుకు ఎన్ని వందలసార్లు మెడ తిప్పుతానో లెక్కపెట్టలేదు.

దీనికి ఎర్గోనామిక్స్ అని పేరు పెట్టారు. పేరు కొత్తగా వినబడుతుంది గానీ సంగతి మనవాళ్ళకు కొత్త కాదు. మా తాత సంతలో పార కొంటే కామ తన ఎత్తుకు కోయించుకునేవాడు. గుంట మగ్గం చూడండి. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలో పెట్టుకుంటాడు, తొక్కుడు చెక్కలు పాదాలకు అందాలి కాబట్టి గుంట లోతు మనిషిని బట్టే ఉండాలి. పనిముట్టు మనిషికి సరిపోవాలన్న ఇంగితం పొలంలో ఉంది, మగ్గం దగ్గర ఉంది. ఇండెంట్ పెట్టి ఒకే సైజు బల్లలు నలభై, కుర్చీలు నలభై కొన్నప్పుడు మాత్రం అది ఎక్కడికో పోతోంది.

ఇక మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ చాలా ఏళ్ళు జీడి పనికి వెళ్ళింది. మొదట పిక్కల కటింగ్, తర్వాత పొట్టు తీసే పని. కటింగ్ అంటే ఒక చేత్తో పిక్క పెట్టాలి, ఇంకో చేత్తో పిడి లాగాలి, కాలితో పెడల్ తొక్కాలి. ఒంట్లో సగం ఒకలాగా, సగం ఇంకోలాగా మెలిపడి ఉంటుంది. పిక్క తొక్కలో ఉండే జీడి రసం తగిలితే చర్మం కాలి ఊడుతుంది. చేతులకు నూనో బూడిదో రాసుకుని చేసేవారు. పొట్టు తీసే చోట గచ్చు మీద గోనెసంచి వేసుకుని, ముందు పళ్ళెం, చేతిలో చిన్న కత్తి. తల పళ్ళెంలోకి దించి గంటలు గంటలు. కిలోల లెక్కన డబ్బులు కాబట్టి మధ్యలో లేచి నడుం సాపుకుంటే ఆ మేరకు కూలి తగ్గినట్టే. నాకు పదేళ్ళప్పుడు సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే కూలబడి, "నడుం పట్టేసినాదే గుంటా, ఒక బిళ్ళ తెచ్చియ్యే" అనేది. నేను మందుల షాపుకు పరిగెత్తేదాన్ని. చీటీ అడిగినవాళ్ళు లేరు. ఏ బిళ్ళో కూడా చెప్పక్కర్లేదు, నన్ను చూడగానే ఇచ్చేసేవారు.

ఇప్పుడు అమ్మకు మోకాళ్ళు వంగవు. అది ఒక్కటే అయితే బాధ వేరేగా ఉండేది. మూడేళ్ళ కిందట కాళ్ళవాపు వస్తే రక్త పరీక్ష చేయించాం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ అనే మాట అక్షరం ముక్క రాని ముసలమ్మకు కూడా తెలుసు. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే అది రక్తంలో పెరుగుతుంది. అమ్మకు అది పెరిగి ఉంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పి మాత్రలు ఎన్నాళ్ళుగా వాడుతున్నావమ్మా?" అమ్మ నా వైపు చూసింది. లెక్క నాకే తెలుసు, తెచ్చినదాన్ని నేనే కదా.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు నొప్పి బిళ్ళలే కారణమని నేను అనడం లేదు. అసలు కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయని, ఎండలో చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ చెరుపు ఇంకా ఎక్కువని, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు వాటిని ముట్టుకోకూడదని డాక్టర్లందరూ చెప్పే మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎంతమంది ఈ జబ్బుతో ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చిందంటేనే తెలుస్తుంది. ఇంకో జిల్లాలో సరిపడని కుర్చీ అంటే మెడనొప్పితో పోతుందేమో. మన జిల్లాలో ఆ కుర్చీ నుంచి మందుల షాపుకు, అక్కడి నుంచి డయాలసిస్ మంచం దాకా దారి ఉంది. మీరందరూ దయచేసి ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

పనిచేసే చోటు సరిగా లేకపోతే మామూలు మనుషులకు ఏం జరుగుతోందో నేను చూసినవి, తెలుసుకున్నవి రాస్తున్నాను.

1. మెడ, భుజాలు, నడుము. ఇవి ముందు సాయంత్రం పూట మొదలవుతాయి, రాత్రి పడుకుంటే పోతాయి. తర్వాత పొద్దున లేచేసరికి కూడా ఉంటాయి. ఆ తర్వాత ఎప్పుడూ ఉంటాయి. మొదటి దశలో చెక్కతో, ఇటుకలతో సరిచేయగలిగేది, మూడో దశకు వచ్చాక డాక్టర్ల చుట్టూ తిరిగినా సరిగా లొంగదు. 2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మందికి నడుంనొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనుషుల్ని పనికి దూరం చేస్తున్న వాటిలో అదే ముందుంది.

2. చేతి తిమ్మిర్లు. మణికట్టు దగ్గర ఎముకల మధ్య ఒక ఇరుకు సందు ఉంటుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలికి స్పర్శనిచ్చే నరం అందులోంచి వెళుతుంది. మణికట్టు విరిచి పెట్టి టైపు చేసినా, కత్తి పట్టుకుని అదే కదలిక వేలసార్లు చేసినా ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారి లేచి దులుపుకుంటారు. మా ఆఫీసులో ఒక అక్కకు ఇది వచ్చింది. ఇంటి దగ్గర గ్లాసు జారవిడిచేది. పరధ్యానం ఎక్కువైందని ఇంట్లో మాటలు పడింది. అది పరధ్యానం కాదని తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

3. నిలబడే వాళ్ళు. శ్రీకాకుళంలో, విజయనగరంలో బట్టల షాపులకు వెళితే కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు. బేరం లేని మధ్యాహ్నం పూట కూడా కూర్చోకూడదు. కూర్చుంటే షాపు మర్యాద పోతుందట. కాళ్ళలో రక్తం పైకి ఎక్కాలంటే పిక్కల కండరాలు కదలాలి. కదలకుండా నిలబడితే రక్తం కిందే నిలిచి కాళ్ళు వాస్తాయి, నరాలు ఉబ్బుతాయి. చీర చూపించే పిల్ల కాళ్ళ నొప్పిని నవ్వు వెనక దాచుకుని చూపిస్తుంటే ఆ చీర కొనుక్కునే మనం కూడా గమనించడం లేదు.

4. కింద కూర్చునే వాళ్ళు. నేల మీద కూర్చోవడం తప్పని నేను చెప్పను. మనం నేల మీదే తిన్నాం, నేల మీదే చదువుకున్నాం. లేస్తూ, కూర్చుంటూ ఉంటే ఒంటికి మంచిదే. మోకాళ్ళు పూర్తిగా మడిచి రోజుకు ఎనిమిది గంటలు, ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చోవడం మాత్రం వేరు. అలా గొంతుక్కూర్చుని చేసే పనుల్లో మోకాళ్ళ అరుగుదల ఎక్కువని వైద్యులు ఎప్పుడో చెప్పారు. జీడి పనివాళ్ళు, నూలు వడికేవాళ్ళు, చేపలు ఎండబెట్టి ఏరేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు అందరూ ఇందులోకి వస్తారు.

5. కళ్ళు. స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. కళ్ళు పొడిబారి మండుతాయి. సాయంత్రం బస్సు బోర్డు మసకగా కనబడుతుంది.

6. ఇంటి ఖర్చు. ఇది ఎవరూ లెక్కవేయరు. ఫిజియోథెరపీకి కాశీబుగ్గ నుంచి శ్రీకాకుళం వెళ్ళి రావాలంటే ఒక పూట సెలవు, బస్సు చార్జీ, ఫీజు. నాలుగు రోజులు వెళ్ళి మానేస్తారు, ఎందుకంటే తిరిగి అదే బల్ల ముందు కూర్చోవాలి కదా. రోజుకూలీకి సెలవు అంటే ఆ రోజు పొయ్యి మీద ప్రభావం. నొప్పితో ఇంటికి వచ్చిన తల్లి పిల్లల మీద విసుక్కుంటుంది, రాత్రి నిద్ర పట్టదు, పొద్దున టెన్షన్‌తో లేస్తుంది. నేనే విసుక్కున్నాను. ఒకరోజు మా పాప హోంవర్క్ చూడమని భుజం మీద చెయ్యి వేస్తే నొప్పికి చెయ్యి విదిలించేశాను. అది ఏడవలేదు. ఆ తర్వాత నా భుజం ముట్టుకోవడం మానేసింది.

7. తప్పులు. యజమానులకు దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. సాయంత్రం నాలుగు తర్వాత నేను కొట్టే ఎంట్రీల్లోనే తప్పులు ఎక్కువ. ఒక అంకె అటూ ఇటూ అయితే ఒక ముసలాయన మళ్ళీ ఆటోకు డబ్బులు పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. నా మెడనొప్పి బిల్లు ఆయన కూడా కడుతున్నాడు.

చట్టంలో ఏమీ లేదా అంటే, ఉంది. 2025 దాకా అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసేవాళ్ళకు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని చెప్పింది. కూర్చుని చేయగలిగే పని అయితే సీట్లు పెట్టమని చీఫ్ ఇన్‌స్పెక్టర్ రాతపూర్వకంగా ఆదేశించవచ్చని కూడా చెప్పింది. 17వ సెక్షన్ సరిపడా వెలుతురు ఉండాలని, కళ్ళు చెదిరే వెలుగు ఉండకూడదని చెప్పింది. ఆ చట్టంతో పాటు మొత్తం 13 చట్టాలను కలిపి, వాటి స్థానంలో తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పనిచేసే చోట గాయం గానీ వృత్తి వల్ల వచ్చే జబ్బు గానీ కలిగించే ప్రమాదం లేకుండా చూడడం యజమాని బాధ్యత అని అందులో ఉంది. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. వేరే రాష్ట్రాల్లో ఒక స్టూలు కోసం చట్టం మార్చుకోగలిగినప్పుడు మనకు ఎందుకు కుదరదు?

ఒక లోటు కూడా ఉంది. ఈ కొత్త వృత్తి భద్రత కోడ్ మూడో షెడ్యూల్‌లో వృత్తి వల్ల వచ్చే జబ్బులు 29 రాశారు. సీసం విషం, సిలికోసిస్, చప్పుడు వల్ల వచ్చే చెవుడు అన్నీ ఉన్నాయి. మెడ, నడుము, మణికట్టు జబ్బులు లేవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మాత్రం 2010లో సవరించిన తన జాబితాలో కండరాల, కీళ్ళ జబ్బులను, మణికట్టు నరం నొక్కుకుపోయే జబ్బుతో సహా చేర్చింది. మన జాబితాలో పేరు లేదు కాబట్టి డాక్టరు రిపోర్టు పంపడు. రిపోర్టు లేదు కాబట్టి ఇన్‌స్పెక్టరు అడగడు. ఇన్‌స్పెక్టరు అడగడు కాబట్టి యజమానికి తెలియదు. చివరికి అది నా ఒంటి బలహీనత అనో, వయసు అనో తేలుతుంది. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. ఆఫీసుల్లో వారం రోజుల్లో, కొత్త సామాను కొనకుండానే చేయగలిగినవి ముందు చేయండి. కాళ్ళు అందనివాళ్ళకు ఒక చెక్క పీట. నేను రెండు ఇటుకల మీద పలక వేసుకున్నాను, ఊడ్చేటప్పుడు అడ్డమని తీసేశారు. దాన్ని తీయకండి. స్క్రీన్ కిందకు ఉంటే కింద రెండు ఏ-ఫోర్ కాగితాల కట్టలు పెట్టండి. 500 కాగితాల కట్ట ఒకటి దాదాపు రెండంగుళాల ఎత్తు ఉంటుంది, రెండు పెడితే నాలుగు. ల్యాప్‌టాప్ మీద రోజంతా పనిచేసేవాళ్ళకు విడిగా కీబోర్డు, మౌస్ ఇచ్చి ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టించండి. కంప్యూటర్ ఉన్న చోటు వెలుతురును బట్టి మార్చండి, ప్లగ్గు దూరమైతే వైరు లాగించండి.

2. రాబోయే కొనుగోళ్ళలో ఎత్తు మార్చుకునే కుర్చీలే కొనండి. బల్లలు ఒకే ఎత్తులో కొనాల్సి వస్తే కీబోర్డు అర ఉన్నవే కొనండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇండెంట్ రాసే ముందు ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషిని పిలిచి ఒకసారి కొలవండి. జాకెట్టు కుట్టించడానికి కొలతలు తీసుకుంటాం, పదేళ్ళు కూర్చునే కుర్చీకి తీసుకోమా?

3. గంటకు ఐదు నిమిషాలు లేచి తిరగడాన్ని పనిగానే లెక్కించండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. అలా కిటికీలోంచి చూసేవాళ్ళను ఖాళీగా కూర్చున్నారని అనకండి.

4. జీడి పరిశ్రమ యజమానులకు ప్రత్యేకంగా చేతులు జోడించి అడుగుతున్నాను. 2018లో తిత్లీ తుఫాను తోటల్ని కూల్చినప్పుడు మీరూ నష్టపోయారు, మేమూ నష్టపోయాం, అది మరిచిపోలేదు. పొట్టు తీసే పనిని గచ్చు మీద నుంచి బల్ల మీదకు తెండి. మోచేతి ఎత్తుకు బల్ల, వీపు ఆనే కుర్చీ, పళ్ళెం కాస్త మనిషి వైపు వాలేలా కింద ఒక బద్ద, తల పైన నీడ పడని లైటు. కటింగ్ దగ్గర సీటు ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ జరిగేలా ఉంటే పెడల్ కోసం నడుం మెలితిప్పక్కర్లేదు. కటింగ్ చేసేవాళ్ళను, పొట్టు తీసేవాళ్ళను, గ్రేడింగ్ చేసేవాళ్ళను పూటకోసారి మార్చండి. విశ్రాంతి సంగతి చెప్పేటప్పుడు కిలో లెక్క సంగతి కూడా చెప్పాలి. లేచి నిలబడినందుకు కూలి తగ్గేటట్టయితే ఎవరూ లేవరు. కాబట్టి ఆ నిమిషాలకు కూడా రేటు కట్టాలి. కొందరు కింద కూర్చోవడమే సుఖమంటారు. వాళ్ళను బలవంతపెట్టొద్దు, రెండూ ఉంచి మార్చుకోనివ్వండి.

5. షాపుల యజమానులు కౌంటర్ వెనక స్టూలు వేయండి. బేరం లేనప్పుడు కూర్చోవచ్చని మీ నోటితో చెప్పండి. మీరు చెప్పకపోతే స్టూలు ఉన్నా ఆ పిల్లలు కూర్చోరు.

6. కార్మిక, ఫ్యాక్టరీల శాఖల అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లతో పాటు సీట్లు కూడా చూడండి. యజమాని గదిలో కాదు, పనిచేసే చోట పది నిమిషాలు ఆ పనివాళ్ళ సీట్లోనే కూర్చుని చూడండి. కండరాల, కీళ్ళ జబ్బులను వృత్తి జబ్బుల జాబితాలో చేర్చమని మీ శాఖల తరఫున పైకి రాయండి. షాపుల్లో కూర్చునే హక్కు కోసం రాష్ట్ర చట్టంలో సవరణ తెమ్మని కూడా రాయండి.

7. డాక్టర్లకు, మందుల షాపులవాళ్ళకు. నొప్పి అని వచ్చినవాళ్ళను "ఏం పని చేస్తావు, ఎలా కూర్చుని చేస్తావు" అని ఒక్క మాట అడగండి. డైక్లోఫెనాక్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు. పదేళ్ళ పిల్ల చేతికి ఇవ్వాల్సింది కాదు.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. నా చెక్క అరకు కాశీబుగ్గలో వడ్రంగిని అడిగాను. చెక్క, రన్నర్లు, కూలి కలిపి వెయ్యి రూపాయలు దాటదన్నాడు. నేను పోయిన సంవత్సరం మెడ కోసం పెట్టిన డబ్బుతో మా ఆఫీసులో అందరి బల్లలకూ అరలు వచ్చేవి. మీరు అనుమతి ఇస్తే నా డబ్బుతోనే బిగించుకుంటానని కూడా మూడో అర్జీలో రాశాను. "ఆఫీసు సామానుకు మేకు కొట్టకూడదు" అన్నారు. అందుకని ఆ అనుమతి కాగితం కోసం నాలుగో అర్జీ ఈ లేఖతో పాటే ఇస్తున్నాను.

మాలో నలుగురం, ఇద్దరు ఆపరేటర్లు, ఒక బట్టల షాపు అమ్మాయి, జీడి పని మానేసిన ఒక పిన్ని, ఆదివారాలు ఖాళీగా ఉంటాం. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల ఏ ఆఫీసైనా, ఏ షెడ్డైనా పిలిస్తే టేపు పట్టుకుని వస్తాం. ఎవరి మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో, బల్ల ఎంత ఎత్తులో ఉందో కొలిచి కాగితం మీద రాసి ఇస్తాం. డబ్బులేమీ అక్కర్లేదు. రెండు నెలలు చూస్తాం. అప్పటికీ ఎవరూ పిలవకపోతే మా కొలతలు మేమే తీసుకుని, వాటిని జత చేసి ప్రతి శాఖకూ విడివిడిగా అర్జీలు పెడతాం.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ఆపరేటర్, జీడి కార్మికురాలి కూతురు
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా